గ్రంథపాలకుడు కావలివాడా?

గ్రంథాలయ మన నేమి యని యడిగినచో మన గృహస్థులలో ననేకులు భవనమును చూపుదురు. కొంద రింకొక మెట్టెక్కి బీరువాలలోని పుస్తకములను చూపుదురు. ఆ భవనమును వేళకు తెరచి, ఆ పుస్తకములను పేరుపేరున నెరిగి, వచ్చినవాని మొగము చూచి వానికి తగినదానిని చేతికిచ్చు మనుష్యుని చూపువారు మిక్కిలి యరుదు. శ్రీకాకుళ విజయనగర మండలములలోని పౌర గ్రంథాలయములు నేడు చిక్కిపోవుటకు మూలకారణ మీ మరపే యని మా నిశ్చితాభిప్రాయము. గోడలు బీటలు వారుట నిజమే. క్రొత్త పుస్తకములు చాలకుండుటయు నిజమే. కాని యీ రెంటికిని ముందు వచ్చిన రోగ మొకటి కలదు. అందు పనిచేయువానిని కావలివానిగా నెంచి, కావలివాని కిచ్చు గౌరవమైన నీయక, వాడు పదవి విరమించినపుడు వాని కుర్చీని ఖాళీగా నుంచుటయే యా రోగము. ఈ మాట కొందరికి కటువుగా తోపవచ్చును. అయినను చెప్పక తప్పదు.

మన పెద్దల కీ మరపు లేదు. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయము వెలసెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. ఆనాటి గ్రంథాలయములలో ననేకములకు సొంత గూడైనను లేదు. ఒకరి వీథియరుగు, ఒకరి చావడి, రెండు పెట్టెల పుస్తకములు, ఇంతియే వాని సంపద. అయినను అవి బ్రదికినవి. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతయు నా పనికే ధారపోసిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడపించిరి. ఆ పుస్తకములు తమంతట తాము పడవ దిగి యింటింటికిని పోలేదు, తీసికొనిపోయినవాడు మనుష్యుడే.

ఇది యూరక చేసెడి సేవ మాత్రమే కాదు, నేర్చి చేయవలసిన విద్య యనియు మన దేశము చాలకాలము క్రిందటనే గ్రహించినది. బరోడా సంస్థానమున సయాజీరావు గాయక్వాడు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి, సంస్థానమంతట గ్రంథాలయములను నెలకొల్పించి, అందు పనిచేయువారికి శిక్షణ నిప్పించెను. మదరాసులో రంగనాథన్‌గారు 1929లోనే గ్రంథపాలకుల శిక్షణ తరగతులకు నాంది పలికిరి. 1931లో ఆయన ప్రకటించిన యైదు సూత్రములు లోకమంతట పాఠ్యములైనవి. వానిలో రెండు, చదువరికిని పుస్తకమునకును పొత్తు కుదుర్చుటను గూర్చినవే. ఆ పొత్తు బీరువా కుదుర్పలేదు గదా!

ఉద్యమమువలన చట్టము పుట్టినది. స్వతంత్ర భారతమున మొట్టమొదటి పౌర గ్రంథాలయ చట్టము 1948లో మదరాసు రాష్ట్రమున వెలువడినది. ఆంధ్రప్రదేశ మేర్పడిన పిదప 1960లో మనకు వేరుగా చట్ట మేర్పడి, మండలమున కొక గ్రంథాలయ సంస్థ వచ్చినది. అంతవరకు చందాలపైని, దాతల యౌదార్యముపైని బ్రదికిన గ్రంథాలయమునకు ఇంటిపన్నుపై సెస్సు ఆధారమైనది. దానము పన్నైనది; కావున దయ హక్కైనది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయమునకై ప్రతి గృహస్థుడును చెల్లించుచున్నాడు. రెండు వేల రూపాయల పన్ను కట్టువాడు నూట యరువది రూపాయలు గ్రంథాలయమున కిచ్చుచున్నాడన్నమాట. తా మిచ్చుచున్నామని యెరిగి యిచ్చువా రెందరు? ఇచ్చినదానికి ఫల మడుగువా రెందరు?

గ్రంథపాలకుని పని యే మని యడిగినచో, "ఏమున్నది, కుర్చీలో కూర్చుండుటయే కదా!" యను ప్రత్యుత్తరము మే మెన్నియో మారులు వింటిమి. చదువుకొన్నవారి నోటనే వింటిమి. అట్టివారికై ఆ పని యెట్టిదో కొంచెము వివరింతుము.

శాఖాగ్రంథాలయము ఉదయ మెనిమిది గంటలకు తెరచి పదునొకండింటివరకు, మరల సాయంత్రము నాలుగింటినుండి యేడింటివరకు నుండుట వాడుక. శుక్రవారము సెలవు. తలుపు తీయునప్పటికే గుమ్మముకడ నలుగురైదుగురు పింఛనుదారులు దినపత్రికకై వేచియుందురు. ఊడ్చువారు లేనిచోట చీపురు పట్టువాడును గ్రంథపాలకుడే. పత్రికల నమర్చిన పిమ్మట నసలు పని మొదలగును. క్రొత్తగా వచ్చిన ప్రతి పుస్తకమునకును వరుససంఖ్య వేసి పట్టీలో నెక్కింపవలెను, ముద్ర వేయవలెను, విషయమును గ్రహించి వర్గసంఖ్య నిర్ణయింపవలెను, వెన్నున చీటి యంటింపవలెను. సభ్యుని ధరావతుకు రసీదు, తీసికొన్న పుస్తకమునకు లెక్క, గడువు దాటినదానికి జాబు, వచ్చిన పాఠకుల దినసరి సంఖ్య, ఏటేట నిల్వ తనిఖీ, ఇవన్నియు నా యొక్క చేతిమీదుగనే జరుగవలెను. మనది గాలివానల దేశము. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన తీరమునకు చేసిన చేటు చదువరు లెరుగనిది కాదు. కప్పు కారి తడిసిన పుస్తకమును ఎండలో పడవేసిన నట్టలు వంకరపోవును. అట్లే యుంచిన బూజు పట్టును. నీడలో గాలికి విప్పి, ఆకులు చినుగకుండ నొక్కొక్కటిగా నారబెట్టవలెను. ఈ పని కూర్చుండి చేయునది కాదు.

వర్గసంఖ్య వేయుట గుమాస్తా పని యని కొంద రనుకొందురు. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారినే తీసికొందము. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అను సంఖ్య యున్నది. దాని తుదను కవిత్వమునకు ఒకటి, నాటకమునకు రెండు, కథకు మూడు చేరును. కావున ముత్యాలసరము లొక యరలో నుండును. 1897లో తొలిమారు అచ్చయిన కన్యాశుల్కము వేరొక యరలో నుండును. 1910 నాటి దిద్దుబాటు కథ మూడవ యరకు పోవును. ఆయన లేఖలు ఇంకొకచోట చేరును. "గురజాడ పుస్తకములు కావలె" నని వచ్చిన కళాశాల విద్యార్థిని నాటకముల యరను మాత్రమే చూచి మరలిపోయిన, ఆమె కాతడు కవి యనియు కథకుడనియు తెలియుట యెట్లు? నాలుగరలను కలుపు దారము పట్టీలో కొంతయు, గ్రంథపాలకుని తలలో నధికముగను ఉండును. ఆ తలను పంపివేసి యరలను మాత్రము నిలుపుకొన్నవారు దారము త్రెంచి పూసలను దాచుకొన్నవారు.

మే మొక యున్నత పాఠశాలలో నుపాధ్యాయులము. వారమున కొకమారు పిల్లలను సమీపమున నున్న శాఖాగ్రంథాలయమునకు తీసికొనిపోవుట మా వాడుక. ఆ బాలురలో తీరపు పల్లెనుండి వచ్చు నొకడు, తరగతిలో పుస్తకము తెరచిన నావులించువాడు, ఒకనాడు గ్రంథపాలకునికడకు పోయి, "ఇంజిను బోటు పుస్తకం ఉందా మాస్టారూ?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. గ్రంథపాలకుడు నవ్వలేదు. "మీ నాన్న బోటుకి ఇంజిను ఉందా నాయనా? ఎప్పుడైనా విప్పి చూశావా? ఆగిపోతే ఏం చేస్తారు?" అని మూడు ప్రశ్నలు వేసెను. బాలుడు జవాబు చెప్పుచుండగనే లోపలికిపోయి ఓడలను గూర్చిన బొమ్మల పుస్తక మొకటి తెచ్చి యిచ్చెను. మరుసటి వారము ఆవిరియంత్రమును గూర్చినది, ఆ పై వారము సముద్రయాత్రల కథలు. మూడు నెలలలో నా పిల్లవాడు మాకడకు వచ్చి పాఠ్యపుస్తకములోని భౌతికశాస్త్రమున నొక చిత్రము తప్పుగా నున్నదని వాదించెను! ఏ యుపాధ్యాయుడును చేయలేని పనిని మూడు ప్రశ్నలతో నాతడు చేసినాడు.

తరువాత జరిగినదియు చెప్పవలెను గదా. ఆ గ్రంథపాలకుడు పదవి విరమించెను. ఆతని స్థానమున నెవ్వరును రాలేదు. వేరొక యూరిలో పనిచేయువానికి దీని భారము గూడ నప్పగించిరి. వాడు వారమున మూడుదినము లచ్చటను, మూడుదినము లిచ్చటను తలుపు తీయును. మా పిల్లలకు వీలైన దినమున నక్కడ తాళము వ్రేలాడుచున్నది. బీరువాలున్నవి, పుస్తకములున్నవి, ఓడల పుస్తకమును ఆ యరలోనే యున్నది. ఆ బాలుడు మరల నావులించుచున్నాడు.

ఇది యొక్క యూరి కథ కాదు. ఖాళీలు నింపకుండుట, ఒక్కనికే రెండు మూడు శాఖలు కట్టబెట్టుట, శిక్షణ పొందినవాని స్థానమున స్వల్ప వేతనముపై తాత్కాలికుని కూర్చుండబెట్టుట, ఈ మూడును రాష్ట్రమంతట గ్రంథాలయోద్యోగులు చిరకాలముగా మొరపెట్టుకొనుచున్న సంగతులే. పురపాలక సంఘములును పంచాయతీలును ఇంటిపన్నుతో కూడ వసూలుచేసిన సెస్సును గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయక బకాయిపెట్టుట పత్రికల కెన్నియో మారు లెక్కినది. మన చేతినుండి గ్రంథాలయమునకని తీసికొన్న సొమ్ము గ్రంథాలయమునకు చేరకపోవుటను లోకమున నే పేరుతో పిలుతురో చదువరులే నిర్ణయింపవచ్చును. దేవుని పేర వసూలైన దక్షిణ దారిలో నిలిచిపోయిన ఊరంతయు కదలును. సరస్వతి దక్షిణ నిలిచిపోయిన నడుగువాడు లేడు.

ఇంకొక యన్యాయము కలదు. పోయిన పుస్తకమునకు జవాబుదారి గ్రంథపాలకుడే. తనిఖీలో లెక్క తప్పిన వాని జీతముమీదికి వచ్చును. ఇట్టి భయము నెత్తిన పెట్టి, "పుస్తకములు ధారాళముగా నిచ్చెదవా?" యని యడుగుట నీటిలోనికి త్రోసి బట్ట తడుపవద్దనుట వంటిది. అందుచేతనే యెన్నియో చోట్ల మంచి పుస్తకములు తాళము వేసిన బీరువాలలో చెదలకు విందులగుచున్నవి. చేతులు మారి నలిగిన పుస్తకమునకు శిక్షయు, ముట్టక యుంచిన పుస్తకమునకు మెప్పును దొరకు పద్ధతిలో గ్రంథపాలకుడు కావలివాడు కాక యే మగును? వానిని కావలివానిగా చేసినది మన నిబంధనయే. పిదప కావలివాడని హేళన చేయుదుమా?

ఇక ప్రతిపక్షుల వాదములు విందము. సెల్‌ఫోనులో సర్వమును దొరకుచుండగా గ్రంథాలయ మేల, గ్రంథపాలకు డేల యనునది మొదటిది. అడిగినదాని నిచ్చునది యంత్రము. ఏమి యడుగవలెనో యెరుగని బాలునికి ప్రశ్న నేర్పువాడు మనుష్యుడు. అంతియే కాదు, యంత్రమున కనబడుచున్న మంచి సాహిత్యము గూడ నొకరు వెదకి, సేకరించి, పట్టీ వ్రాసి యెక్కించినదే. ఇందులకు నిదర్శనమునకై దూరదేశములకు పోనక్కరలేదు. శ్రీకాకుళమున 1997 ఫిబ్రవరి 22వ తేదీని కాళీపట్నం రామారావుగారు కథానిలయమును తెరచిరి. ఆయన వృత్తిచే నుపాధ్యాయుడు. తనకు వచ్చిన పురస్కారముల సొమ్మును దానికే వినియోగించి, పాతపత్రికలకై ఊళ్లు తిరిగి, జాబులు వ్రాసి, ఏ కథ యే పత్రికలో నెప్పుడు వచ్చెనో లెక్కకట్టించి, తెలుగు కథకొక యిల్లు కట్టిరి. నేడు వేలకొలది కథలు అంతర్జాలమున నందరికిని అందుచున్న వనిన, దాని వెనుక నా పట్టీల శ్రమ యున్నది. యంత్రము గ్రంథపాలకుని తొలగింపలేదు. వాని చేతిపనిని దూరమునకు మోసినది.

అట్లైన నిట్టి దాతలే చాలుదురు, ప్రభుత్వ మేల యని వెంటనే యనువా రుందురు. 2021లో తొంబదియారేండ్ల ప్రాయమున పరమపదించిన కారా మాస్టారివంటివాడు తరమున కొక్కడు పుట్టుట గొప్ప. మహానుభావుని త్యాగమును చూపి సామాన్యుని జీతము నెగబెట్టుట ధర్మము కాదు. ఊరికొక కారా మాస్టారు పుట్టవలెనని కోరుటకంటె, ఊరికొక శిక్షితుడైన గ్రంథపాలకునికి నెలనెల జీత మిచ్చుట సులభము.

గ్రంథాలయమునకు వచ్చువారందరును దినపత్రిక చదువు వృద్ధులును, ఉద్యోగపరీక్షలకు చదువు యువకులునే యనునది రెండవ వాదము. రెండవ తెగవారు తమ పుస్తకములు తామే తెచ్చుకొందురు. వారికి కావలసినది కుర్చీ, దీపము, పంకా మాత్రమే యని యెత్తిపొడుపు. ఆ యువకు లెవరో యొకసారి చూడుడు. తండ్రులు విశాఖపట్టణమునకో చెన్నపట్టణమునకో కూలికి పోయినవారు. ఒంటిగది యింట చదువుకొను మూల లేనివారు. వారికి కుర్చీ నిచ్చుట చిన్నమేలు కాదు. అయితే కుర్చీతోనే యాగిపోవుట మన చేతకానితనము. పరీక్ష పుస్తకమును మూసి తల రుద్దుకొను వేళ, "ఇది చూడు బాబూ" యని వేరొక పుస్తకము ముందుంచు మనిషి యుండవలెను. వా డుద్యోగమును పొందవచ్చును, పొందకపోవచ్చును. చదువరియై బయటికి వచ్చుట మాత్రము వాని చేతిలోని లాభము.

జీతములు వట్టి ఖర్చు, భవనము లాస్తి యనునది మూడవ వాదము. భవనమునకు శిలాఫలక ముండును, దానిపై పేరుండును. గ్రంథపాలకుని నియామకమునకు శిలాఫలకము లేదు. ఈ వాదములోని రహస్యమంతయు నదియే.

గృహిణులను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. మన యింటి స్త్రీలలో చదువరులు చాలమంది యున్నారు; గ్రంథాలయములో నడుగుపెట్టినవారు కొలదిమంది. పదిమంది పురుషులు బల్లచుట్టు కూర్చున్న గదిలోనికి పోయి తన కేమి కావలెనో యడుగుట కామె జంకును. ఆమె కొక మాట సాయముచేసి, ఇంటికి తీసికొనిపోవుటకు రెండు పుస్తకము లిచ్చి, మరల వచ్చినపుడు "ఎట్లున్నదమ్మా?" యని యడుగువాడు, అంతకంటె మేలుగా నడుగునది, గ్రంథపాలకుడో గ్రంథపాలకురాలో కావలెను. అట్లే కొండలవైపు చూడుడు. సవరల భాషకై గిడుగు రామమూర్తిగారు తన జీవితమున సగము వెచ్చించి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. 2022లో పార్వతీపురము కేంద్రముగా మన్యమున కొక మండల మేర్పడినది. ఆ మండలపు సవర బాలుడు తన తల్లి మాటకు నిఘంటువున్నదని యెవరివలన తెలిసికొనును? అతని యూరిదరి గ్రంథాలయములో దానిని పేరైన నెరిగిన మనిషి లేనిచో నా మహనీయుని శ్రమ యా బాలుని మట్టుకు లేనట్టిదే.

ఏటేట నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. పూలదండలు, వ్యాసరచన పోటీలు, పెద్దల ఉపన్యాసములు. మే మిందులకు విరోధులము కాము. కాని వేదికమీద నుపన్యసించు పెద్దలు తమ యుపన్యాసమునకు బదులు నాలుగు లెక్కలు చదివి వినిపింపవలెనని మా కోరిక: ఈ యేడు సెస్సు వసూలైన దెంత, సంస్థకు జమయైన దెంత, గ్రంథపాలకుల స్థానములు మొత్త మెన్ని, అందు నిండినవి యెన్ని? ఈ నాలుగంకెలు చెప్పలేని సభలో పూలదండ సరస్వతి పటమునకు వేసినను వృథా.

చదువరులారా, ప్రభుత్వము తనంతట మేలుకొనునని కూర్చున్న పక్షమున మన మనుమలకు తాళములే మిగులును. మీ యింటిపన్ను రసీదును తీసి చూడుడు. అందు గ్రంథాలయ సెస్సు పంక్తి కనబడిన, దాని ఫలము నడుగు హక్కు మీకు కలదు. పంచాయతీలోను పురపాలక సంఘములోను అడుగుడు. నోటిమాట చెల్లనిచోట 2005 నాటి సమాచార హక్కు చట్టమున వ్రాతపూర్వకముగా నడుగుడు. ఖాళీలను శిక్షితులతో నింపుమనియు, వాడుకలో నలిగి పోయిన పుస్తకములకు గ్రంథపాలకుని జీతము తాకట్టు కాకుండ న్యాయమైన నిబంధన చేయుమనియు మీ ప్రతినిధుల నడుగుడు. మీ యింటి ఆడువారి పేర, పిల్లల పేర సభ్యత్వము తీసికొనుడు. పుస్తకము తీసికొనుట కెవ్వరును రాని శాఖను మూయుట యే యధికారికైనను సులభము. ఇరువదిమంది తల్లులు వారమువారము వచ్చు శాఖను మూయుట కష్టము.

ఈ ఆదివార మేదైన పనిమీద బజారునకు పోవునపుడు మీ యూరి గ్రంథాలయము తలుపు తట్టుడు. తెరచియున్న, లోనున్న మనిషి పేరు తెలిసికొని, మీకు చదువదగిన దేదైన నున్నదా యని యడుగుడు. మూసియున్న, ఎందుకు మూసియున్నదో మరునాడు పంచాయతీ కార్యాలయములో నడుగుడు.